ఆంగ్లేయుల రాజ్యాంగమున వేగులవారి స్థానము



చారులు రాజునకు కన్నులని మన ప్రాచీన నీతిశాస్త్రకారులు చెప్పిరి. సామాన్యుడు తన ముఖమున నున్న కన్నులతో చూచును. రాజు వేగులవారి కన్నులతో చూచును. ఈ మాట మీరందరు నెరిగినదే. కాని యిందొక చిక్కు గలదు. రాజు సింహాసనముపై కూర్చుండియు తాను పరిపాలింపని దేశమున ఆ కన్నులు ఎవరివి? అవి ఎవరి కొరకు చూచును? చూడరాని దానిని చూచినచో వానిని మూయించువా రెవరు? బ్రిటను దేశమును గూర్చి నేను నేడు మీకు విన్నవింపదలచిన విషయ మిదియే.

ముందుగా ఆ దేశపు రాజ్యాంగ స్వరూపమును నాలుగు మాటలలో చెప్పుదును. మన రాజ్యాంగమువలె అది ఒక గ్రంథముగా వ్రాయబడినది కాదు. 1215వ సంవత్సరపు మాగ్నాకార్టా యను మహాశాసనము, 1689వ సంవత్సరపు హక్కుల శాసనము, పార్లమెంటు కాలక్రమమున చేసిన చట్టములు, న్యాయస్థానముల తీర్పులు, ఏ గ్రంథమునను లేక ఆచారముగా వచ్చుచున్న కట్టుబాట్లు, ఇవన్నియు చేరి ఆ రాజ్యాంగమైనవి. సమస్తమును రాజు పేర జరుగును. రాజు తనంత తానుగా నేదియు చేయడు. పార్లమెంటు అంగీకరించిన బిల్లును త్రోసివేసిన కడపటి ప్రభువు ఆన్ రాణి. అది 1708వ సంవత్సరపు మాట. కామన్సు సభలో నేడు 650 మంది సభ్యులు కలరు. ఆ సభ విశ్వాసమును పొందినవాడు ప్రధానమంత్రి యగును. ప్రతి మంత్రియు తన శాఖలో జరిగినదానికి ఆ సభ యెదుట నిలిచి జవాబు చెప్పవలెను.

ఈ కడపటి మాటలోనే మన చిక్కంతయు నున్నది. జవాబు చెప్పవలెనన్న సంగతి బయట పెట్టవలెను. వేగులవారి పని బయట పెట్టినచో చెడును. బయట పెట్టకున్న మంత్రిని అడుగువాడు లేడు. బహిరంగమైన ప్రభుత్వమును, రహస్యమైన పనిని ఒక కాడికి కట్టుట యెట్లు? ఆంగ్లేయులు ఈ ప్రశ్నతో రెండువందల యేబది యేండ్లకు పైగా పెనగులాడిరి.

ఆ కథలో మొదటి ఘట్టము 1762వ సంవత్సరము నవంబరు మాసమున జరిగినది. లండను చెంత స్టెప్నీ యను చోట జాన్ ఎంటిక్ అను రచయిత కాపురముండెను. ప్రభుత్వమును ఎత్తిపొడుచు నొక పత్రికకు ఆయన వ్రాయుచున్నాడని అధికారుల అనుమానము. రాజ్యకార్యదర్శి యైన హాలిఫాక్సు ప్రభువు ఒక వారంటు వ్రాసి యిచ్చెను. నేథన్ కారింగ్టన్ అనువాడును మరి ముగ్గురు రాజదూతలును ఆ వారంటు చేతబట్టుకొని ఎంటిక్ ఇంట జొరబడిరి. నాలుగు గంటల కాలము గదులన్నియు వెదకిరి. పెట్టెల తాళములు విరుగగొట్టిరి. కాగితములు మూటగట్టి కొనిపోయిరి. ఎంటిక్ ఊరకుండలేదు. ఆ దూతలపై దావా వేసెను. జూరీవారు ఆయనకు 300 పౌనులు నష్టపరిహార మిప్పింపవచ్చునని చెప్పిరి.

1765లో ప్రధాన న్యాయమూర్తి కామ్డెన్ ప్రభువు తీర్పు చెప్పెను. ప్రభుత్వపు వకీళ్లు రెండు వాదములు చేసియుండిరి. ఇట్టి వారంట్లు చిరకాలమునుండి ఇచ్చుచున్నారనునది యొకటి. రాజ్యక్షేమమునకు ఇది యవసరమనునది రెండవది. కామ్డెన్ రెంటిని నిరాకరించెను. అట్టి యధికార మున్నచో అది చట్టపు గ్రంథములలో కనబడవలెను. కనబడలేదు గావున అది లేదని ఆయన నిర్ణయము. రాజ్యావసరమను మాటను చట్ట మెరుగదని కూడ ఆయన చెప్పెను. ప్రజలలో నొకడు, చట్టము నిషేధింపని దేనినైనను చేయవచ్చును. ప్రభుత్వమన్ననో, చట్టము అనుమతించిన దానినే చేయవలెను. ఈ తీర్పులోని సారమిది. ఆ దేశపు న్యాయవాదులు నేటికిని దీనిని భక్తితో ఉదాహరింతురు.

ఇల్లు ఇట్లు రక్షింపబడెను. మరి జాబు సంగతియేమి? ఇంటి గడప దాటి తపాలాలో పడిన జాబునకు ఆ గోడలు లేవు. 1711వ సంవత్సరపు తపాలా చట్టము ఎవరును పరుల జాబులను విప్పరాదని చెప్పుచునే, రాజ్యకార్యదర్శి వారంటు ఉన్నచో విప్పవచ్చునని ఒక ద్వారము తెరచి పెట్టెను. లండను తపాలా కార్యాలయమున ఒక రహస్యపు గది యుండెను. అందు విదేశపు జాబులను ఆవిరి పట్టి, ముద్ర చెడకుండ విప్పి, నకలు వ్రాసికొని, మరల అంటించి పంపుచుండిరి. సంకేతలిపిని విప్పి చదువుటకు వేరొక శాఖ యుండెను. దేశమున ఈ సంగతి యెరిగినవారు బహు స్వల్పము.

1844లో ఈ గుట్టు రట్టయ్యెను. ఇటలీ దేశభక్తుడగు మాజినీ అప్పుడు లండనులో తలదాచుకొని యుండెను. మన దేశీయ నాయకులలో పలువురు ఆయన చరిత్రను శ్రద్ధతో చదివినవారే. లాలా లజపతిరాయి ఆయన జీవితమును ఉర్దూ భాషలో వ్రాసెను. తనకు వచ్చు జాబులు ఆలస్యముగా వచ్చుటయు, తపాలా ముద్రపై మరియొక ముద్ర పడియుండుటయు మాజినీ గమనించెను. పరీక్షింపదలచి, మిత్రులచే తన పేర జాబులు వ్రాయించి, వానిలో గసగసాలు, ఇసుక రేణువులు, తలవెండ్రుకలు పెట్టించెను. జాబులు చేరినప్పుడు చూడగా అవి లేవు. అంతటితో సందేహము తీరెను.

ఆయన పక్షమున థామస్ డంకోంబ్ అను సభ్యుడు జూన్ మాసమున కామన్సు సభలో అర్జీ దాఖలు చేసెను. దేశీయ వ్యవహారముల మంత్రి సర్ జేమ్సు గ్రేహాం తొలుత వివరములు చెప్ప నిరాకరించెను. ఆ సంవత్సరము మార్చి 1వ తేదీన ఆయనయే వారంటు ఇచ్చినట్లు తరువాత తేలెను. సభలో గొప్ప అలజడి పుట్టెను. జనులు కవరులపై ఆ మంత్రి పేరిట ఎగతాళి మాటలు వ్రాసి పంపసాగిరి. ఇంతలో మరియొక వార్త వచ్చెను. మాజినీతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపిన బాండియేరా సోదరులిద్దరు ఇటలీలో తిరుగుబాటునకు పోయి పట్టుబడి, జూలై మాసమున తుపాకిగుండ్లకు గురి చేయబడిరి. జాబులలోని సమాచారము కొంత పరప్రభుత్వమునకు అందింపబడినదని విచారణలో బయటపడెను. ఆ యువకుల మరణమునకు ఇదియే కారణమని అనేకులు నమ్మిరి.

పార్లమెంటు ఉభయ సభలును రహస్యముగా విచారణ సంఘములను నియమించెను. తపాలా కార్యాలయపు రహస్యపు గదియు, సంకేతలిపి శాఖయు ఆ యేడే మూతపడెను. అయినను మంత్రి వారంటుతో జాబు విప్పు అధికారము మాత్రము రద్దు కాలేదు. గది పోయెను, తాళపుచెవి మిగిలెను. ఇది మీరు గుర్తుంచుకొనవలసిన విషయము.

ఇక 1909వ సంవత్సరమునకు వత్తము. జర్మనీ వేగులవారు దేశమంతట నిండియున్నారను భయము అప్పుడు పత్రికలలోను నవలలలోను ప్రబలియుండెను. ఆ భయములో అధికభాగము కల్పితమే. అయినను ప్రభుత్వము ఆ సంవత్సరమున ఒక గూఢచార కార్యాలయమును స్థాపించెను. దానికి ఇద్దరే అధికారులు: సైన్యమునుండి వెర్నన్ కెల్, నౌకాదళమునుండి మాన్స్ఫీల్డ్ కమింగ్. స్వదేశమున చొరబడిన పరాయి వేగులవారిని పట్టుకొనుట కెల్ పని. విదేశముల రహస్యములను తెచ్చుట కమింగ్ పని. ఇవియే పిదప ఎం.ఐ.5, ఎం.ఐ.6 అను పేర్లతో లోకప్రసిద్ధము లయ్యెను. 1919లో సంకేతలిపులను విప్పుటకు మూడవ శాఖ యేర్పడెను. 1946 నుండి దానికి జి.సి.హెచ్.క్యూ. అని పేరు. నేడు అది చెల్టెన్‌హామ్ పట్టణమున నున్నది.

వీరి పని యంతయు చెడుగు అనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధమున బ్లెచ్లీ పార్కు అను చోట సుమారు 9,000 మంది స్త్రీపురుషులు రేయింబవళ్లు శ్రమించి జర్మనుల సంకేతలిపులను విప్పిరి. యుద్ధము ముగిసిన పిదప కూడ 1974 వరకు వారిలో నెవరును, భర్త భార్యతోనైనను, భార్య భర్తతోనైనను, ఈ సంగతిని బహిరంగముగా చెప్పుకొన వీలు లేకపోయెను. రహస్యమును కాపాడుట దేశసేవ యగుననుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కరలేదు.

కాని మరియొక ప్రక్కను కూడ చూడవలెను. ఈ శాఖలను ఏ చట్టమును పుట్టింపలేదు. పార్లమెంటు ఏటేట రహస్య వ్యయమునకని కొంత ధనము మంజూరు చేయుచుండెను. లెక్క అడుగుట లేదు. ఎం.ఐ.6 అను శాఖ యొకటి యున్నదని శాంతికాలమున ఏ ప్రభుత్వమును ఒప్పుకొనుట లేదు. ఉన్నది, కాని లేదు! ఇట్టి స్థితిలో ఏమి జరుగగలదో రెండు ఉదాహరణములు చెప్పుదును.

మొదటిది మనకు సంబంధించినది. 1909 జూలై 1వ తేదీన లండనులో మదన్‌లాల్ ఢింగ్రా కర్జన్ వైలీ యను అధికారిని కాల్చి చంపెను. ఆ సంవత్సరముననే భారతీయులను కనిపెట్టుటకు ఇండియన్ పొలిటికల్ ఇంటెలిజెన్సు అను చిన్న కార్యాలయము లండనులో వెలసెను. హింసామార్గమును పట్టినవారిని మాత్రమే గాక, సభలలో ఉపన్యసించువారిని, వ్రాతలు వ్రాయువారిని, చదువుకొనవచ్చిన విద్యార్థులను కూడ అది కనిపెట్టుచుండెను. భారతదేశ ప్రజలకు కామన్సు సభకు ప్రతినిధులను పంపు హక్కు లేదు. కావున కనిపెట్టబడువారికి కనిపెట్టువారిని ప్రశ్నించు దారియే లేకపోయెను. 1947లో స్వరాజ్యము వచ్చుటతో ఆ కార్యాలయము ముగిసెను. దాని దస్త్రములను నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున ఎవరైనను చదువవచ్చును.

రెండవది 1924లో జరిగినది. అప్పుడు రామ్సే మాక్డొనాల్డు నాయకత్వమున తొలి లేబరు ప్రభుత్వము నడచుచుండెను. అక్టోబరు 29న ఎన్నికలు. నాలుగు దినములు ముందుగా, 25వ తేదీన, డైలీ మెయిల్ పత్రికలో ఒక జాబు ప్రకటింపబడెను. రష్యా కమ్యూనిస్టు నాయకుడు జినోవియెవ్ ఇంగ్లండులో విప్లవము లేవదీయుటకై వ్రాసిన జాబని దానిని లోకమునకు చూపిరి. లేబరు పక్ష మోడిపోయెను. ఆ యోటమికి ఈ జాబొక్కటియే కారణమనుట సరికాదు. కాని 1999లో విదేశాంగ కార్యాలయపు చరిత్రకారిణి దస్త్రములన్నియు పరిశీలించి, ఆ జాబు కూటసృష్టియై యుండుననియు, రహస్య శాఖలతో సంబంధము గలవారే దానిని పత్రికకు చేర్చియుందురనియు అభిప్రాయపడెను. రాజ్యమును కాపాడుటకు పెట్టిన కన్ను రాజ్యమేలుచున్న మంత్రివర్గమునే ఓరగా చూచెనన్నమాట. కంచె చేను మేయుట యన నిదియే గదా!

ఈ భయమును మంత్రులు కూడ గుర్తించిరి. 1952లో దేశీయ వ్యవహారముల మంత్రి మాక్స్‌వెల్ ఫైఫ్ ఎం.ఐ.5 అధిపతికి ఒక ఉత్తరువు పంపెను. శాఖ పని దేశరక్షణమునకు మించి పోరాదు. ఏ రాజకీయ పక్షమునకును మొగ్గరాదు అని అందలి ముఖ్యాంశములు. మంచి మాటలే. కాని అది మంత్రి అధికారికి వ్రాసిన జాబు మాత్రమే, చట్టము కాదు. 1963లో డెన్నింగ్ ప్రభువు ఒక విచారణ నివేదికలో, ఈ శాఖ ఏ చట్టముచేతను స్థాపింపబడలేదనియు, దేశపు సామాన్య న్యాయము కూడ దీనిని ఎరుగదనియు స్పష్టముగా వ్రాసెను. ఎంటిక్ దావా జరిగి అప్పటికి రెండువందల యేండ్లు కావచ్చెను.

మార్పు వచ్చినది ఒక టెలిఫోను వలన. మలోన్ అను పురాతన వస్తువుల వర్తకునిపై దొంగసొత్తు కేసు నడచుచుండగా, పోలీసులు ఆయన టెలిఫోను మాటలను చాటుగా వినినట్లు 1978లో న్యాయస్థానమున బయటపడెను. ఆయన దావా వేసెను. 1979లో న్యాయమూర్తి మెగారీ ఏమని తీర్పు చెప్పెనో వినుడు. టెలిఫోను వినుటకై ఎవరును ఇంట జొరబడలేదు. దానిని నిషేధించు చట్టమును లేదు. నిషేధము లేనిది చేయవచ్చును గనుక పోలీసులు తప్పు చేయలేదు. ప్రజలకు రక్షణగా చెప్పిన సూత్రము ఇక్కడ ప్రభుత్వమునకు కవచమైనది! అయితే ఆ న్యాయమూర్తికే మనస్సు ఒప్పలేదు. ఈ విషయమున పార్లమెంటు చట్టము చేయవలసియున్నదని ఆయన గట్టిగా వ్రాసెను.

మలోన్ అంతటితో విడువక, స్ట్రాస్‌బర్గు నగరమందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమునకు పోయెను. 1984లో ఆ న్యాయస్థానము బ్రిటను ప్రభుత్వమునకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. ఆ న్యాయమూర్తులు, దొంగలను పట్టుటకు టెలిఫోను వినవద్దని చెప్పలేదు. వినుటకు అధికారమెంత, హద్దు లేవి యని ప్రజలకు తెలియునట్లు చట్టమున నుండవలెననిరి. కామ్డెన్ ప్రభువు చెప్పిన మాటయే గదా ఇది! సముద్రము దాటి మరల ఇంటికి వచ్చినది.

అటుపిమ్మట చట్టములు వరుసగా వచ్చినవి. 1985లో జాబులను, టెలిఫోను మాటలను పట్టుటకు నిబంధనలు చేసిరి. 1989లో ఎం.ఐ.5 తొలిసారిగా చట్టమున కెక్కెను. 1992లో ప్రధానమంత్రి జాన్ మేజరు, ఎం.ఐ.6 ఉన్నదని కామన్సు సభలో ఒప్పుకొనెను. 1994లో అదియు, జి.సి.హెచ్.క్యూ.యు చట్టబద్ధము లయ్యెను. ఏ రాజకీయ పక్షమునకును లాభము కలుగునట్లు పనిచేయకుండ చూచుట శాఖాధిపతుల విధియని ఆ చట్టములలో వ్రాసిరి. ఎం.ఐ.5 దేశీయ వ్యవహారముల మంత్రి అధీనమునను, తక్కిన రెండును విదేశాంగ మంత్రి అధీనమునను ఉండును. 1994 చట్టము వలననే పార్లమెంటు సభ్యుల సంఘ మొకటి ఏర్పడెను. ఉభయ సభలకు చెందిన తొమ్మిదిమంది సభ్యులు అందుండి, ఈ శాఖల వ్యయమును, పాలనమును, విధానమును పరిశీలింతురు.

అయినను చట్టము చేసిన మాత్రమున దోషము లన్నియు తొలగునా? 2002 సెప్టెంబరులో ప్రధానమంత్రి టోనీ బ్లేరు ఇరాకు దేశపు ఆయుధములను గూర్చి ఒక పత్రమును ప్రకటించెను. భయంకరాయుధములను 45 నిమిషములలో ప్రయోగింపగలరని అందుండెను. వేగులవారు తెచ్చిన సమాచారమునకు వారే చేర్చిన సందేహములును, షరతులును ఆ పత్రమున సరిగా కనబడలేదని 2004లో బట్లర్ ప్రభువు విచారణలో తేలెను. 2003 మార్చి 18న కామన్సు సభ 412 ఓట్లకు 149 ఓట్లతో యుద్ధమునకు సమ్మతించెను. ఆ యాయుధములు దొరకనే లేదు. 179 మంది బ్రిటిషు సైనికులును, లెక్కకు మిక్కిలిగా ఇరాకు ప్రజలును మరణించిరి. లేని నిశ్చయమును ఉన్నట్లు చూపిరని 2016లో చిల్‌కాట్ విచారణ సంఘము వ్రాసెను. ఇచ్చట తప్పు కన్నులలో కంటె, కన్నులు చూచినదానిని లోకమునకు చెప్పిన నోటిలో హెచ్చుగా నున్నది. రహస్య సమాచారము సభలో వాదమునకు సాధనమైనప్పుడు, వినువారికి దానిని పరీక్షించు మార్గము లేదు. ఇది నా దృష్టిలో అన్నింటికంటె పెద్ద యపాయము.

2013లో అమెరికా ఉద్యోగి స్నోడెన్ బయటపెట్టిన కాగితముల వలన, జి.సి.హెచ్.క్యూ. సముద్రగర్భపు తంతులలో పోవు సందేశములను కుప్పలు కుప్పలుగా పట్టుచున్నదని లోకమునకు తెలిసెను. విచారణలు జరిగెను. 2016లో చేసిన చట్టము రెండు తాళముల పద్ధతిని తెచ్చెను. ఒకరి సందేశములను పట్టుటకు మంత్రి వారంటు ఇచ్చిన చాలదు. ఉన్నత న్యాయపదవి నిర్వహించిన కమిషనరు కూడ దానికి సమ్మతింపవలెను. అత్యవసరమైనచో మంత్రి మాటపై మొదలుపెట్టవచ్చును గాని, మూడు పనిదినములలో న్యాయాధికారి సమ్మతింపనిచో ఆపవలెను. పార్లమెంటు సభ్యుని సందేశములైనచో ప్రధానమంత్రి అంగీకారము కూడ కావలెను. ఇదే చట్టము శాఖల యధికారమును మిక్కిలి విస్తరింపజేసినదని ఆక్షేపించువారు కలరు. ఆ యాక్షేపణ నిరాధారమైనది కాదు. తాళము లెక్కువైనవి నిజమే. తలుపు వెడల్పైనదియు నిజమే.

కడపట ఒక చిన్న సంగతి. 2020 జూలైలో ఆ తొమ్మిదిమంది సంఘమునకు అధ్యక్షుని ఎన్నుకొనవలసి వచ్చెను. ప్రభుత్వము ఒకరిని కోరియుండెను. ప్రభుత్వ పక్షమునకే చెందిన జూలియన్ లూయిస్ ప్రతిపక్ష సభ్యుల యోట్లతో తానే అధ్యక్షుడయ్యెను. ఆయన పక్షమువారు ఆయనను ఆ దినముననే వెలివేసిరి. కొన్ని మాసములకు మరల చేర్చుకొనిరి. వారము తిరుగకముందే, రష్యా జోక్యమును గూర్చి అంతకుముందు సంఘము సిద్ధము చేయగా ఎన్నికలకు ముందునుండి వెలువడక నిలిచియుండిన నివేదిక ప్రకటింపబడెను. చట్టము చోటు చూపును. ఆ చోట నిలుచుటకు మనుష్యుడు కావలెను.

కావున మొదట అడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మిది. రాజు పరిపాలింపని రాజ్యమున వేగులవారు మంత్రుల సొత్తు కారు, పక్షముల సొత్తు కారు, చట్టమునకు చెందినవారు. వేగులవారు లేని రాజ్యము గ్రుడ్డిది. చట్టమునకు లొంగని వేగులవారు గల రాజ్యము తన ప్రజలనే శత్రువులుగా చూచును. ఎవడైనను రాజ్యక్షేమము పేరిట పరుల జాబు విప్పినప్పుడు మూడు ప్రశ్నలు వేయవలెను: ఏ చట్టము ప్రకారము? ఎవరి యనుజ్ఞతో? పిదప ఎవరికి జవాబు చెప్పుదురు? ఎంటిక్ తన విరిగిన పెట్టెలను చూచి అడిగిన ప్రశ్నలును, మాజినీ గసగసాలు రాని జాబును చూచి అడిగిన ప్రశ్నలును ఇవియే. వీనికి ఆంగ్లేయులు చెప్పిన జవాబు నేటికిని సంపూర్ణము కాదు. కాని అడుగువానికి అడుగు హక్కు కలదని వారు ఒప్పుకొనిరి. ఒప్పించినవారు మంత్రులు కారు; తమకు జరిగిన అన్యాయమును సహింపక న్యాయస్థానపు మెట్లెక్కిన సామాన్యులు.